బెల్లం షెడ్డు కప్పు

దేవరవలస,
12 ఆగస్టు 1998

తమ్ముడు అర్జునరావుకు,

హేమశ్రీకి జ్వరం తగ్గిందన్న నీ కార్డు నిన్ననే అందింది. పిల్ల మళ్ళీ బడికి పోతోందంటే అంతకన్నా ఏం కావాలి. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం.

నాకొక కొత్త పని తగిలింది. రెండేళ్ళ కింద గోదావరి జిల్లాల మీద తుపాను పడింది కదా, అప్పటినుంచి సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళు కూడా జాగ్రత్త పడాలని చెబుతున్నారట. మండలాఫీసు నుంచి ఒకాయన వచ్చి మా బడిలోనే మీటింగు పెట్టాడు. తుపాను అనగానే మన ఎల్లారావు లేచాడు. గెడ్డ ఒడ్డున కొత్తగా స్లాబు ఇల్లు కట్టాడే, ఆయనే. "సముద్రం ఏడ, మనమేడ? బస్సుకే రెండు గంటలు. కెరటం టిక్కెట్టు కొనుక్కోని వొస్తాదేటి?" అన్నాడు. మీటింగు మీటింగంతా నవ్వింది. మండలాఫీసాయనా నవ్వి, "కెరటం రాదండి, గాలి వస్తుంది. గాలికి టిక్కెట్టు అక్కర్లేదు" అన్నాడు. అప్పుడు కాస్త సద్దుమణిగారు.

కమిటీ వేశారు. మీ బావ బెల్లం సంతలో కాటా చూస్తారు కాబట్టి అందరూ ఆయన్ని పెద్దగా పెట్టారు. రాతకోతలకు నన్ను పెట్టారు, టీచర్నని. తాటాకిళ్ళ పేటలు రెండున్నాయి కదా, మూడొందల మంది దాకా ఉంటారు. గాలొస్తే వాళ్ళనెక్కడ ఉంచాలన్న మాట వచ్చింది. మీ బావ ఇంకెవర్నీ మాట్లాడనివ్వలేదు. "మన బెల్లం షెడ్డుండగా ఇంకేటి? మా బామ్మర్ది ఏసిన కప్పది. స్టీలు ప్లాంటోడు. ఏనుగులు నడిసినా కదల్దు" అన్నారు. అలాగే రాసుకున్నాను.

మీ ప్లాంటులో ఏటా తుపాను కసరత్తు చేయిస్తారని చెప్పేవాడివి. మాలాంటి ఊరు ఏమేం చేసుకోవాలో వివరంగా రాయి. నాకు కాగితాలు నింపడం వచ్చు గాని గాలి సంగతి తెలియదు.

మీ అప్ప,
పద్మావతి

•

కూర్మన్నపాలెం,
27 ఆగస్టు 1998

అప్పకు,

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకు. నువ్వడిగినవన్నీ కనుక్కుని రాద్దామని ఆగాను.

నాతో పనిచేసే నూకాలు జాలరి ఇంటివాడు. వాళ్ళ నాన్న ఇప్పటికీ వేటకెళ్తాడు. వాణ్ణి అడిగితే, "మాకు సముద్రం ముందే సెప్తాది బావా. నీళ్ళ రంగు మారతాది, హార్బర్లో జెండా ఎక్కిత్తారు. మీ అప్పోళ్ళ ఊరికి ఎవులు సెప్తారు?" అన్నాడు. ఆ మాట నిజం. కాబట్టి మొదటి పని, బ్యాటరీలతో నడిచే రేడియో ఒకటి కమిటీ దగ్గర ఉండాలి. కరెంటు ముందే పోతుంది. మందుల షాపు ఫోన్ నెంబరు నాకు పంపు. ఇక్కడ కబురు తెలిసిన వెంటనే చేస్తాను.

ఇళ్ళ మీదికి వాలిన కొమ్మలు అక్టోబరు లోపల కొట్టించెయ్యండి. ఎండు కట్టెలు, అగ్గిపెట్టెలు, మందులు, రేషను కార్డులు ప్లాస్టిక్ సంచుల్లో కట్టుకోమను. తాగే నీళ్ళు బిందెల్లో ముందుగా పట్టుకోవాలి, బావి నీళ్ళు తర్వాత పనికిరావు. నడవలేని వాళ్ళ పేర్లు, నిండు చూలాళ్ళ పేర్లు విడిగా రాసుకో. ఎవర్ని ఎవరు తీసుకురావాలో పేరు పేరునా అనుకోవాలి. "ఎవరో ఒకరు" అనుకుంటే ఎవరూ వెళ్ళరు.

ఇంకొకటి. గాలి ఒక దిక్కు నుంచి వీచి వీచి ఒక్కసారిగా ఆగిపోవచ్చు. అయిపోయిందనుకుని జనం బయటికొస్తారు. అప్పుడు ఇంకో దిక్కు నుంచి తిరగబడుతుంది. రేడియోలో చెప్పేదాకా ఎవర్నీ కదలనివ్వొద్దు.

షెడ్డు మాత్రం వద్దనుకుంటాను. అంత పెద్ద కప్పు గాలికి మంచిది కాదు. బడిలోనే సర్దుకుంటే మేలు. బావకు నా మాటగా చెప్పు.

నీ తమ్ముడు,
అర్జునరావు

•

దేవరవలస,
20 సెప్టెంబరు 1998

తమ్ముడూ,

నీ ఉత్తరం కమిటీలో చదివి వినిపించాను. రేడియో కొన్నారు. కొమ్మలు కొట్టించడం మొదలైంది, వంటచెరకు దొరుకుతోందని అందరూ సంతోషంగానే ముందుకొచ్చారు.

మొన్న ఆదివారం ఒక కసరత్తు పెట్టాం. బడి గంట ఆగకుండా కొడితే తుపాను వచ్చినట్టు లెక్క, అందరూ షెడ్డుకి రావాలి అని చాటింపు వేయించాం. గంట కొట్టాను. అరగంటలో షెడ్డు నిండింది. తీరా చూస్తే సగం మంది చేతుల్లో డబ్బాలు! కిరసనాయిలు పోస్తారనుకున్నారట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా గంట వింటే వస్తారని తేలింది కదా, అదే చాలనుకున్నాను.

రానిది పేటలో ఉండే ముసలి అప్పాయమ్మ ఒక్కతే. మోకాళ్ళ నొప్పులతో గుమ్మం దాటలేదు. మీ బావ స్వయంగా వెళ్ళి పిలిస్తే, "నాను రాను. ఇల్లొగ్గీసి సంతలో కూకోడానికి నానేటైనా బెల్లం దిమ్మనా?" అందట. ఆమెను మోసుకొచ్చే బాధ్యత మీ బావ పేరు మీదే రాశాను.

ఇక షెడ్డు సంగతి. బడికి ఉన్నవి రెండు గదులు. ఒకదాని దూలం పగిలి ఉంది. ఎనభై మందికి మించి పట్టరు. మిగతావాళ్ళు ఎక్కడికి పోతారు? పైగా నీ మాట విని మీ బావ మనసు కష్టపెట్టుకున్నారు. "నీ తమ్ముడికి తానేసిన కప్పు మీద తనకే నమ్మకం లేదేటి?" అని నవ్వారు గాని, ఆ రోజు అన్నం సరిగా తినలేదు. పెద్ద కప్పు అయితే ఏమవుతుంది, ఎందుకు మంచిది కాదు, నాకు అర్థమయ్యేలా రాయి.

దసరాకి పిల్లను తీసుకుని రండి.

మీ అప్ప

•

కూర్మన్నపాలెం,
28 సెప్టెంబరు 1998

అప్పకు,

దసరాకి రాలేను. ప్లాంటులో మరమ్మతు పనులున్నాయి, సెలవులు ఆపేశారు. పిల్ల బాగుంది. షెడ్డుని ఎవరైనా తెలిసిన ఇంజనీరు ఒకసారి పైకెక్కి చూస్తే బాగుంటుంది. కిందనుంచి చూస్తే తెలియదు. బావని అడిగానని చెప్పు.

అర్జున

•

దేవరవలస,
6 అక్టోబరు 1998

తమ్ముడూ,

నీ కార్డు నాలుగుసార్లు చదివాను. ఏడేళ్ళలో నువ్వు దసరాకి రాకపోవడం ఇదే మొదలు.

చిన్నప్పుడు నువ్వు దూడను విప్పేసి, అది పాలన్నీ తాగేసిన రోజున, నాన్న అడక్కుండానే పోయి ఆయన కాళ్ళు ఒత్తేవాడివి. నాన్నకు వెంటనే తెలిసిపోయేది. "ఏటి సేసేవురా?" అనేవాడు. ఈ రెండు నెలల నీ ఉత్తరాలు నాకు అలా కాళ్ళు ఒత్తినట్టే ఉన్నాయి. కొమ్మలు కొట్టించమన్నావు, మందులు కట్టుకోమన్నావు, ఎంతో ఒద్దికగా అన్నీ రాశావు. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క వాక్యం రాసి తప్పుకుంటున్నావు.

మూడొందల మంది పేర్లు నా చేతి రాతలో ఆ షెడ్డు కింద ఉన్నాయి. అందులో నా దగ్గర ఒకటో తరగతి చదివే పిల్లలే ఇరవై మంది. నాన్న లేడు కాబట్టి నేనే అడుగుతున్నాను. ఏటి సేసేవురా?

మీ అప్ప

•

కూర్మన్నపాలెం,
14 అక్టోబరు 1998

అప్పా,

ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది. ఇంట్లో కూర్చుంటే చేయి ఆడక, డ్యూటీ దిగి క్యాంటీన్‌లో కూర్చుని రాస్తున్నాను.

91లో షెడ్డు కట్టినప్పుడు నేనింకా ప్లాంటులో చేరలేదు. మా మేస్త్రీ దగ్గర కూలికి పనిచేసేవాణ్ణి. బావే ఆ పని మాకు ఇప్పించారు. స్తంభాల వరసల మధ్య ఎనిమిది అంకణాల షెడ్డు. పడమటి వైపు మూడు అంకణాలు మేస్త్రీ ఉండగా వేశాం. తర్వాత ఆయనకు కామెర్లు వచ్చి ఇంటికి పోయాడు. మిగతా అయిదూ నాకప్పగించాడు. గురువారం నాకు ప్లాంటు నుంచి కాగితం వచ్చింది, సోమవారం వైద్య పరీక్షకు రమ్మని. అది తప్పితే ఉద్యోగం లేదు. పని చూస్తే ఇంకా వారం రోజులది.

రేకుని కింద ఇనప దూలానికి పట్టి ఉంచేది కొక్కెం బోల్టు. ఒక్కో రేకుకి ఎనిమిది వెయ్యాలి. నేను ఒకటి విడిచి ఒకటి, నాలుగే వేశాను. నాతో ఉన్న ఇద్దరికీ అలాగే చెప్పాను. "మేస్త్రీకి తెలుసా?" అని ఒకడు అడిగితే తెలుసన్నాను. ఆదివారం సాయంత్రానికి కప్పు పూర్తయింది. బావ కింద నిలబడి చూసి, నా భుజం తట్టి, "బాగా సేసేవురా బామ్మర్దీ" అన్నారు. సోమవారం పొద్దున్న బస్సెక్కాను.

ఎండకీ వానకీ ఆ కప్పు చాలు. పెద్ద గాలికి చాలదు. గాలి రేకుని పైనుంచి తొక్కదు అప్పా, కిందనుంచి దూరి పైకి లేపుతుంది. ఒక్క రేకు లేస్తే దాని పక్కది లేస్తుంది. ఊడిన రేకు గాలిలో కత్తి. దాని కింద మనుషులుంటే ఏమవుతుందో నాకు తెలుసు.

ఇప్పుడు ప్లాంటులో నా పనేమిటో తెలుసా? వేరేవాళ్ళు బిగించిన బోల్టులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడం. ఏడేళ్ళుగా అదే చేస్తున్నాను. షెడ్డు సంగతి మర్చిపోయాననే అనుకున్నాను. అందులో బెల్లం దిమ్మలు తప్ప ఏముంటాయి అనుకునేవాణ్ణి. నీ ఆగస్టు ఉత్తరం వచ్చేదాకా.

మిగిలిన బోల్టుల గోనె సంచి మీ ఇంటి అటక మీదే ఉంది, తూర్పు మూల. సామాను అని చెప్పి పెట్టాను.

ఈ ఉత్తరం బావకు చూపిస్తావో లేదో నీ ఇష్టం. చూపించవద్దని అడిగే ముఖం నాకు లేదు.

అర్జున

•

దేవరవలస,
23 అక్టోబరు 1998

అర్జునా,

నీ ఉత్తరం దీపావళి ముందు రోజు అందింది. పండగ వెళ్ళేదాకా నా పెట్టెలోనే ఉంచాను. అంతకంటే దాచలేకపోయాను.

మీ బావ అరుగు మీద కూర్చుని మొత్తం చదివారు. మడిచి నా చేతికిచ్చారు. నిచ్చెన వేసుకుని అటక ఎక్కి, ఆ సంచి తనే దించారు. ఒక్కొక్క బోల్టూ తీసి కింద పరిచారు. చాలావాటికి తుప్పు పట్టింది. కిరసనాయిలు తెచ్చి వాటిని నానబెట్టారు. అప్పుడన్నారు: "ఈడు సెప్పకపోతే నాను మూడొందల మందిని దాని కింద కూకోబెట్టీవోణ్ణి. నా నోటితో పిలిసి." అంతే.

మర్నాడు కమిటీకి వెళ్ళి చెప్పారు. నీ పేరు చెబుతారేమోనని భయపడ్డాను. "షెడ్డు కప్పు సరిగ్గా లేదు. పని నాను ఇప్పించాను, పైకెక్కి సూసుకోలేదు. తప్పు నాది" అన్నారు. ఎల్లారావు వదల్లేదు. "మరి ఏనుగులు నడుత్తాయన్నావు?" అన్నాడు. మీ బావ తల వంచుకున్నారు. పాతికేళ్ళ కాపురంలో ఆయన తల వంచడం నేను చూడలేదు.

నీకు కోపంతో రాయాలని రెండు కాగితాలు చింపాను. ఇప్పుడు కోపం లేదు, పని ఉంది. నవంబరు మొదటి ఆదివారం రా. పనిముట్లు తెచ్చుకో. తక్కువపడే బోల్టులు కూడా తీసుకురా. నాకు క్షమాపణ చెప్పొద్దు. చెప్పాల్సింది ఆ పేటల వాళ్ళకి, అదీ మీ బావ పక్కన నిలబడి.

మీ అప్ప

•

కూర్మన్నపాలెం,
9 నవంబరు 1998

అప్పకు,

నిన్న బస్సు దిగేసరికి పొద్దుపోయింది. చేతులు బొబ్బలెక్కాయి, అక్షరాలు వంకరగా ఉంటే చదువుకో.

మొదటి ఆదివారం షెడ్డు ముందు ఆ జనాన్ని చూడగానే తిరిగి బస్సెక్కేద్దామనిపించింది. నూకాలు నా వెనకాలే నిలబడ్డాడు కాబట్టి ఆగాను. "నాను ఒకటి ఇడిసి ఒకటి ఏసినాను. తొందరలో ఏసినాను. మీ అందరికీ నాను తప్పు సేసినాను" అన్నాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక ముసలాయన మాత్రం, "మరి ఎక్కు" అన్నాడు. ఎక్కాను.

బావ రెండు ఆదివారాలూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నిచ్చెన పట్టుకున్నారు, బోల్టులు అందించారు, మధ్యాహ్నం నా విస్తట్లో తనే అన్నం పెట్టారు. నూకాలు అది గమనించి దారిలో, "మీ బావ నోరు కట్టేసుకున్నాడు గాని సెయ్యి కట్టేసుకోలేదు. ఇంకేటి కావాల?" అన్నాడు.

అయిదు అంకణాల్లో మూడు పూర్తయ్యాయి. తూర్పు చివరి రెండూ మిగిలాయి. వచ్చే ఆదివారం, పదిహేనో తారీఖున అవి ముగించేస్తాను. ఈలోపల ఏదైనా వస్తే మాత్రం ఆ రెండు అంకణాల కింద ఒక్కర్నీ ఉంచొద్దు. తాడు కట్టించు.

అర్జున

•

దేవరవలస,
20 నవంబరు 1998

తమ్ముడూ,

అందరం ప్రాణాలతో ఉన్నాం. ముందు ఆ మాట రాస్తున్నాను. కరెంటు లేదు, ఫోన్లు లేవు, బస్సు నిన్ననే తిరిగింది. అందుకే ఇంత ఆలస్యం.

శనివారం పొద్దున్న మందుల షాపుకి నువ్వు ఫోన్ చేసి చెప్పిన మాట, "నాను రాలేను, డ్యూటీలో ఉంచేసినారు, అది వొచ్చెత్తంది" అన్న మాట, ఆ షాపులోనే కూర్చుని కాగితం మీద రాసుకున్నాను. మధ్యాహ్నానికి రేడియో కూడా చెప్పింది. ఆదివారం పొద్దున్నే గంట కొట్టాను. ఈసారి ఎవరి చేతుల్లోనూ డబ్బాలు లేవు. బిందెలు, మూటలు, కోళ్ళు, పిల్లలు. రెండొందల ఎనభై మందిని పేరు పేరునా పిలిచి చూసుకున్నాను. తూర్పు రెండు అంకణాలకూ అడ్డంగా తాడు కట్టి, మీ బావ దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

అప్పాయమ్మ మళ్ళీ రానంది. మీ బావ బతిమాలలేదు. వెళ్ళి భుజాన వేసుకున్నారు. దారి పొడుగునా ఆయన వీపు మీద గుద్దుతూనే వచ్చిందట. షెడ్డులో దించాక, "నా మేకేదిరా?" అంది. మళ్ళీ వెళ్ళి మేకను తెచ్చారు.

మధ్యాహ్నం దాటాక ఉత్తరపు గాలి అందుకుంది. ఆ మోత ఎలా రాయను? లారీలు వరసగా కప్పు మీద నడిచినట్టుంది. పిల్లల ఏడుపు పక్కవాళ్ళకే వినబడలేదు. నాలుగు గంటలప్పుడు తూర్పు చివర ఒక రేకు అంచు లేచింది. చూస్తుండగానే రేకు చింపుకుని పోయింది. దాని వెనకే ఇంకొకటి, ఇంకొకటి. మొత్తం పదకొండు. వాన నేరుగా లోపల పడింది. జనం ఒక్కసారి లేచారు. మీ బావ తాడు పట్టుకుని అరిచారు: "కూకోండి! ఇటేపు కప్పు కదల్దు! బోల్టులు నా సేత్తో అందించినాను, కదల్దు!" నువ్వు బిగించిన మొదటి అంకణం దగ్గరికి వచ్చి ఆ ఊడడం ఆగిపోయింది. రేకులు కొట్టుకున్నాయి, మూలిగాయి, ఊడలేదు.

సాయంత్రం గాలి తగ్గింది. కుర్రాళ్ళు ఇళ్ళు చూసుకుంటామని లేచారు. నువ్వు రాసింది గుర్తుంది కాబట్టి వాకిలికి అడ్డంగా నిలబడ్డాను. నన్ను తోసెయ్యలేక ఆగారు. అరగంటలో పడమటి నుంచి తిరగబడింది. నేను ఆపిన వాళ్ళలో ఇద్దరు తర్వాత వచ్చి నా కాళ్ళకు దణ్ణం పెట్టారు. వద్దన్నాను.

పేటల్లో నిలబడ్డ ఇల్లు లేదు. మనుషులంతా ఉన్నారు.

కానీ ఒకటి మనం చూసుకోలేదు. సోమవారం తెల్లవారేసరికి కొండల మీద పడ్డ వానంతా గెడ్డలోకి దిగింది. గట్టి స్లాబు ఇల్లు కదా అని ఎల్లారావు పేరు మన లిస్టులోనే రాయలేదు. గాలికి ఆ ఇంటికి ఏమీ కాలేదు. నీళ్ళు కిటికీలదాకా వచ్చాయి. ఆయన, భార్య, కోడలు స్లాబు ఎక్కి మధ్యాహ్నందాకా తడుస్తూ కూర్చున్నారు. తాళ్ళు కట్టి దింపారు. పశువులు మూడూ కొట్టుకుపోయాయి. ఆ మనిషి ఇప్పుడు నవ్వడం లేదు. నేను నిన్న పోయి పలకరిస్తే, "నన్ను లిస్టులో ఎందుకు రాయలేదమ్మా?" అన్నాడు.

మీ అప్ప

•

కూర్మన్నపాలెం,
27 నవంబరు 1998

అప్పకు,

ఆ ఆదివారం ప్లాంటులో మేమంతా లోపలే ఉన్నాం. బయట ఏం విరుగుతోందో వినబడుతూనే ఉంది. నాకు మాత్రం ఆ రెండు అంకణాలే కళ్ళ ముందు ఉన్నాయి. నీ ఉత్తరం చింపకుండా పట్టుకుని కూర్చుంటే నూకాలే చింపి, మొదటి వాక్యం చదివి నాకిచ్చాడు.

ఎల్లారావు గారి మాట నన్ను వదలడం లేదు. అది నీ తప్పు కాదు. నీళ్ళ సంగతి నేను రాయాల్సింది. ఆగస్టు నుంచి నా బుర్రలో ఆ కప్పు ఒక్కటే ఉంది, కాబట్టి గాలి గురించే రాశాను. నా తప్పు ఎక్కడుందో అటే చూశాను గాని ఊరికి ప్రమాదం ఎటునుంచి వస్తుందో చూడలేదు. వచ్చే ఏడు లిస్టు రాసేటప్పుడు గెడ్డకి రెండు పక్కలా నడిచి చూడు. పాత వరద ఎంతదాకా వచ్చిందో ముసలివాళ్ళకి తెలుస్తుంది.

నూకాలు వాళ్ళ నాన్న తెప్ప పోయిందట. మనిషి ఒడ్డునే ఉన్నాడు.

బావ ఇంకా మాట్లాడరని తెలుసు. ఆయన మాట్లాడకపోయినా పర్లేదు. పోయిన పదకొండు రేకులూ వెయ్యడానికి ఎవర్ని పెట్టుకుంటారో పెట్టుకోండి. నన్నే రమ్మంటే వస్తాను. వద్దంటే అది కూడా న్యాయమే.

అర్జున

•

దేవరవలస,
6 డిసెంబరు 1998

ఇది మీ బావ చెబుతుంటే నేను రాస్తున్నది. మాటలు ఆయనవే, దిద్దలేదు. దిద్దొద్దని పక్కనే కూర్చున్నారు.

"బామ్మర్దీ,

నాను ఉత్తరాలు రాసీవోణ్ణి కాను. నీతో మాటాడకుండా ఉన్నాను, నిజమే. నువ్వు సేసిన పనికి కాదు. ఏడేళ్ళు మా ఇంట్లో తిని, నా ఎదురుగా కూకోని, సెప్పలేదు కదా, అందుకు. అది ఇంకా మండతన్నాది. అబద్ధమెందుకు సెప్పాలి.

కమిటీలో మాటయిపోనాది. పదకొండు రేకులూ నువ్వే ఎయ్యాల. ఇంకెవుడైనా అయితే ఎలా ఏసినాడో మాకేటి తెలుసు? నీకైతే ఏడ తప్పుతాదో తెలుసు. బడి దూలం కూడా సూడాల. ఎల్లారావు మనిషి మారిపోనాడు. గెడ్డకి ఎడంగా మెరక మీద తన జాగా ఇత్తానంటన్నాడు, నీళ్ళొస్తే ఉండడానికి ఒక కొట్టు కట్టమని. దాని కప్పు సంగతీ నువ్వే సెప్పాల.

ఆదివారం పొద్దున్న బస్సుకి వొచ్చీ. నూకాలుని తీసుకురా, ఆడు పనోడు. పిల్లనీ తీసుకురా, ఎన్నాళ్ళయింది సూసి.

నువ్వు పైన బోల్టు బిగించి గట్టిగా ఒకటి, రెండు అని సెప్పాల. నాను కింద నిలబడి లెక్కెడతాను. ఎనిమిది అయ్యాకే పక్క రేకుకి పోవాల. నీకు కష్టంగా ఉంటాదని తెలుసు. ఉండనీ. గట్టిగా సెప్పు, ఊరంతా ఇనాల.

బావ,
తాతబాబు"